ఎలక్ట్రానుల లెక్క – పని పంచుటలోని మెలకువ



గత ఉగాదినాడు మన పాఠశాల పూర్వవిద్యార్థి యొకడు నన్ను చూడవచ్చెను. ఒకటవ తరగతి మొదలు పదవ తరగతి వఱకు ఈ నగర్తపేటలోనే, మన పాఠశాలలోనే, తెలుగులో చదివినవాడు. తండ్రి ఈ పేటలోనే ఒక బట్టల దుకాణమున గుమాస్తా. నేడాతడు పరిశోధక విద్యార్థి. "ఏమి చేయుచున్నావు నాయనా?" అని అడుగగా, "లోహాలలో ఎలక్ట్రానుల లెక్కలు చేస్తున్నాను మాస్టారూ" అని చెప్పి, కొంచెముసేపు ఊరకుండి, "ఈ నెల మాత్రం పెద్ద తప్పు చేశాను. పెద్ద కంప్యూటరుమీద నాకిచ్చిన గంటలన్నీ పదిహేను రోజులకే అయిపోయాయి. లెక్క సగం కూడా కాలేదు. యంత్రాలు రెట్టింపు తీసుకుంటే పని రెట్టింపు వేగంగా అవుతుందనుకున్నాను. మునుపటికంటె నెమ్మదిగా నడిచింది" అనెను.

అదే వారమున ఒక తండ్రి తన కుమారుని బదిలీ పత్రము కొఱకు వచ్చియుండిరి. "హెడ్మాస్టరుగారూ, ఈ కంప్యూటరు కాలంలో తెలుగులో లెక్కలు నేర్చుకుంటే పిల్లవాడికి ఏమి ఉపయోగం, మీరే చెప్పండి" అని వారడిగిరి. పత్రమడుగుట వారి హక్కు. సంతకము చేసి యిచ్చితిని. ప్రశ్నకు మాత్రము తగిన జవాబు ఆ దినమున నాకు తోచలేదు. ఈ బాలుని కథ విన్న పిదప తోచినది. ఆ జవాబే ఈ వ్యాసము.

ఎలక్ట్రానుల లెక్క యన నేమి?

రాగి విద్యుత్తును పోనిచ్చును, గాజు పోనీయదు. ఇనుము అయస్కాంతమున కంటుకొనును, ఇత్తడి అంటుకొనదు. ఈ భేదములకు మూలము ఆ పదార్థములలోని ఎలక్ట్రానుల అమరిక. ఆ అమరికను ప్రయోగశాలలో పదార్థమును తయారుచేయక ముందే లెక్కవేసి తెలిసికొన గలిగినచో, క్రొత్త బ్యాటరీకి ఏ లవణము తగును, విమానమునకు ఏ మిశ్రలోహము తేలికయు గట్టియు నగును అను ప్రశ్నలకు ముందుగనే కొంత సమాధానము దొరకును. అందుచేతనే ప్రపంచమందలి పెద్ద కంప్యూటరుల కాలములో గణనీయమైన భాగము ఈ లెక్కలకే వెచ్చింపబడుచున్నది.

ఎలక్ట్రానుల నడతను తెలుపు సమీకరణమును 1926లో ష్రోడింగరు అను శాస్త్రజ్ఞుడు ప్రకటించెను. ఐతే ప్రతి ఎలక్ట్రానును తక్కిన ఎలక్ట్రానులన్నిటిని త్రోయుచుండును గనుక, పదుల కొలది ఎలక్ట్రానులు చేరినచో ఆ సమీకరణమును నేరుగా సాధించుట అసాధ్యమగును. 1964లో హోహెన్‌బర్గు, కోన్ అనువారును, 1965లో కోన్, షామ్ అనువారును ఒక సులువైన మార్గము చూపిరి. ఒక్కొక్క ఎలక్ట్రాను వెంట పరుగెత్త నక్కఱలేదు. ఏ చోట ఎలక్ట్రానులు ఎంత దట్టముగా నున్నవో, ఆ సాంద్రతను తెలిసికొన్న చాలునని వారి సిద్ధాంతము. ఇందులకై వాల్టర్ కోన్‌కు 1998లో రసాయనశాస్త్రమున నోబెల్ బహుమానము జాన్ పోపుల్‌తో కలిపి లభించినది.

లెక్క జరుగు తీరు మన పేటలోని వర్తకులకు క్రొత్త కాదు. రాత్రి దుకాణము కట్టుటకు ముందు చిట్టాలోని మొత్తమును, పెట్టెలోని రొక్కమును సరిచూతురు. తేడా వచ్చినచో మరల మొదటినుండి చూతురు. రెండును సరిపోవు వఱకు దుకాణము కట్టరు. ఇచ్చటను అట్లే. ముందు ఒక సాంద్రతను ఊహింతురు. దాని ననుసరించి ఎలక్ట్రానుల స్థితులను కనుగొందురు. ఆ స్థితులనుండి మరల సాంద్రతను కట్టుదురు. ఊహించినదియు వచ్చినదియు సరిపోవు వఱకు ఆవృత్తి తరువాత ఆవృత్తి నడచుచుండును.

యంత్రమును, అందలి పనివారును

మన నగరమున టాటా ఇన్‌స్టిట్యూట్ అని పెద్దలు పిలుచు భారతీయ విజ్ఞాన సంస్థ 1909లో ఏర్పడినది. అచ్చట 2015లో "సహస్రటి" అను క్రే కంపెనీ యంత్రమును నెలకొల్పిరి. అందు ప్రధాన భాగమున 1,376 నోడులు, నోడునకు 24 కోరులు, వెరసి 33,024 కోరులు ఉండెను. తరువాత 2022లో జాతీయ సూపర్‌కంప్యూటింగ్ మిషన్ క్రింద "పరమ్ ప్రవేగ" అచ్చటనే వచ్చినది. దాని శక్తి 3.3 పెటాఫ్లాపులు, అనగా సెకనునకు 3,300 లక్షల కోట్ల గణనములు. జక్కూరులో 1989లో స్థాపితమైన జవహర్‌లాల్ నెహ్రూ ఉన్నత వైజ్ఞానిక పరిశోధన కేంద్రమునందును ఎలక్ట్రానుల లెక్కలు చేయు పండితులు కలరు. కావున ఇది ఎక్కడనో సముద్రముల కావల జరుగు పని కాదు. సిటీబస్సు ఎక్కి పోయి చూడదగినంత దూరమున జరుగుచున్న పని.

నోడు, కోరు అను మాటలకు అర్థము చెప్పవలెను. నోడు ఒక యిల్లు; కోరు ఆ యింటిలోని పనివాడు. ఒకే యింటిలోని వారు ఒకే బల్లమీది కాగితములను చూచుకొనవచ్చును. వేఱు యింటివానికి కాగితము కావలెనన్న వీధిలోనుండి పంపవలెను. నగర్తపేట సందులలో సరకుబండి నడపినవారికి ఆ కష్టము తెలియును. బండి ఎక్కించుట, దింపుట అను పని మూట చిన్నదైనను పెద్దదైనను తప్పదు. పది చిన్న మూటలను పదిసార్లు పంపుటకంటె ఒక పెద్ద మూటను ఒకసారి పంపుట మేలు. యంత్రమునందును ఇదే న్యాయము.

ఎలక్ట్రానుల లెక్క చేయు కార్యక్రమములలో ఇటలీలో పుట్టిన "క్వాంటమ్ ఎస్ప్రెస్సో", వియన్నాలో పుట్టిన "వాస్ప్" ప్రసిద్ధమైనవి. లెక్క మొదలిడునప్పుడు ఇవి వాడుకరిని ఒక ప్రశ్న అడుగును: "ఇంతమంది పనివారు కలరు గదా, పనిని వారికి ఎట్లు పంచవలెను?" ఆ ప్రశ్నకు వ్రాయు జవాబులే సమాంతర గణనపు అమరికలు. వాస్ప్‌లో వాటికి కె-పార్, ఎన్-కోర్ అని పేర్లు. ఎస్ప్రెస్సోలో పనివారి గుంపులను పూలులందురు. జవాబు వ్రాయక విడిచినచో కార్యక్రమము తన కలవాటైన జవాబును తానే వేసికొనును. అది మన పనికి తగినదని నమ్మకము లేదు.

పని పంచు మూడు విధములు

పరీక్షా పత్రములు దిద్దుట ఉపాధ్యాయులమైన మాకు బాగుగ తెలిసిన పని. దానితోనే చెప్పెదను.

మొదటి విధము తరగతివారీగా పంచుట. ఆరవ తరగతి కట్ట ఒకరికి, ఏడవ తరగతి కట్ట మరొకరికి ఇత్తుము. ఎవరి కట్ట వారు దిద్దుకొందురు. కడపట పాఠశాల మొత్తమును కూడుటకు మాత్రమే ఒకచోట చేరుదురు. ఎలక్ట్రానుల లెక్కలో ఇట్టి కట్టలను కె-బిందువులందురు. స్ఫటికములో ఒకే పరమాణు అమరిక మరల మరల వచ్చుచుండును గనుక ఆ అమరిక నొకదానిని లెక్కించిన చాలును. కాని అందు సంచరించు ఎలక్ట్రాను తరంగముల పొడవులు, దిక్కులు పలువిధములు. వాటినుండి కొన్నిటిని మచ్చునకు ఎన్నుకొందురు. ఆ మచ్చులే కె-బిందువులు. ప్రతి బిందువును దాదాపు స్వతంత్రముగా సాధింపవచ్చును. ఆవృత్తి చివర మాత్రము సాంద్రతలను కూడవలెను. పంపవలసిన మూటలు తక్కువ. అందుచే ఇది అన్నిటికంటె సులభమైన పంపకము. వాస్ప్‌లోని కె-పార్, ఎస్ప్రెస్సోలోని పూలుల సంఖ్య దీనికి సంబంధించినవే.

రెండవ విధము ఒకే తరగతి పత్రములను నలుగురికి పంచుట. దిద్దుటవఱకు చిక్కు లేదు. కాని ఒకరి పత్రమును చూచి మరొకరు వ్రాసిరా అని పరిశీలింపవలసి వచ్చినదనుకొందము. ప్రతి పత్రమును తక్కిన అన్ని పత్రములతో పోల్చవలెను. 40 పత్రములున్న 780 జతలు. 80 పత్రములున్న 3,160 జతలు. పత్రములు రెట్టింపైన జతలు నాలుగు రెట్లు దాటినవి. పత్రములు నలుగురి యిండ్లలో నున్నచో అవి ఇంటింటికి తిరుగవలెను. ఎలక్ట్రానుల స్థితులకును ఇట్టి నియమమే కలదు. ఒక స్థితిలో మరియొక స్థితి నీడ యేమాత్రమును కలియరాదు. ఆ శుద్ధి ప్రతి ఆవృత్తిలోను జరుగవలెను. ఇంతేకాక, పదార్థము రెట్టింపైనపుడు స్థితుల సంఖ్యయే కాదు, ఒక్కొక్క స్థితిని వ్రాయు కాగితపు పొడవుకూడ రెట్టింపగును. నాలుగును రెండును హెచ్చింప ఎనిమిది. పరమాణువులు రెట్టింపైన పని సుమారు ఎనిమిది రెట్లగుటకు, పదిరెట్లైన వేయిరెట్లగుటకు కారణమిదియే.

మూడవ విధము ఒకే పత్రములోని పుటలను చించి పలువురికి పంచుట. ఇది మిక్కిలి చిక్కైనది. ఎలక్ట్రాను తరంగమును ఒక రూపమునుండి మరొక రూపమునకు మార్చుటకు ఫోరియర్ పరివర్తనమను గణితము వాడుదురు. అందు ప్రతి పనివాడును తనవద్దనున్న దానిలో కొంత ముక్కను తక్కిన ప్రతివానికిని పంపవలెను. 24 మంది యున్నచో 552 మూటలు. 120 మంది యున్నచో 14,280 మూటలు. 240 మంది యున్నచో 57,360 మూటలు. పనివారు రెట్టింపైరి; మూటలు నాలుగు రెట్లైనవి. మూట చిన్నదైనకొలది దానిని ఎక్కించి దింపు శ్రమయే మిగులును.

భాగహారపు సంగతి

ఇక మన ఐదవ తరగతి పాఠము వచ్చుచున్నది. ఒక లెక్కలో 10 కె-బిందువులున్నవనుకొనుడు. పనివారిని 4 గుంపులుగ చేసినచో బిందువులు 3, 3, 2, 2గా పడును. రెండు బిందువుల గుంపులు పని ముగించి, మూడు బిందువుల గుంపుల కొఱకు కూర్చుండవలెను. 5 గుంపులు చేసినచో అందరికిని రెండేసి. 6, 7, 8, 9 గుంపులు చేసినను ఏదో యొక గుంపునకు రెండు బిందువులు పడియే తీరును గనుక వరుసలు రెండే; అదనపు గుంపుల వలన వరుస తగ్గదు. 10 గుంపులు చేసినపుడే ఒక్క వరుసలో పని ముగియును. 12 చేసినచో రెండు గుంపులు ఊరక కూర్చుండును. కొన్ని కార్యక్రమములు అట్టి అమరికను అంగీకరింపక ఆగిపోవును.

కావున గుంపుల సంఖ్య కె-బిందువుల సంఖ్యను నిశ్శేషముగ భాగింపవలెను. పనివారి మొత్తమును గూడ భాగింపవలెను. నోడునకు 24 కోరులున్న 10 నోడులు, అనగా 240 కోరులు మనకు దొరికినచో, 10 గుంపులు చేయుట చక్కని అమరిక. గుంపునకు సరిగా ఒక నోడు వచ్చును. ఫోరియర్ మూటలన్నియు ఆ యింటిలోనే తిరుగును. 57,360 మూటలకు బదులు ఇంటికి 552 చొప్పున పది యిండ్లకు 5,520 మూటలే. అవియు వీధిలోనికి రావు.

ఇందును ఒక పరిమితి కలదు. ప్రతి గుంపును కొన్ని కాగితముల నకలు తన బల్లమీద ఉంచుకొనవలెను. గుంపులు హెచ్చిన బల్ల చాలదు. యంత్రపు జ్ఞాపకస్థానము నిండి లెక్క నడుమనే నిలిచిపోవును. అప్పుడు గుంపులను తగ్గింపవలెను. మరియు పదార్థపు ముక్క మిక్కిలి పెద్దదైనచో ఒకే కె-బిందువు చాలును. అచ్చట ఈ పంపకము నిరుపయోగము. రెండవ, మూడవ విధములే శరణ్యము. ఒక లెక్కకు తగిన అమరికను మరొక లెక్కకు కన్నుమూసికొని వ్రాయరాదనుట ఇందుకే.

అమ్డాలు చూపిన హద్దు

"మంది ఎక్కువైతే మజ్జిగ పలుచన" అని మన పెద్దలనిరి. జీన్ అమ్డాల్ అను అమెరికా ఇంజనీరు 1967లో ఈ సంగతినే గణితముగా చూపెను. ఒక పని 100 నిమిషములు పట్టుననుకొనుడు. అందు 10 నిమిషముల పని ఒక్కరే చేయదగినది. 90 నిమిషముల పని పంచదగినది. పదిమందిని పెట్టినచో 10, 9 కలిసి 19 నిమిషములు. నూరుగురను పెట్టినచో 10.9 నిమిషములు. పనివారిని పదింతలు చేసినను కాలము సగమునకైనను తగ్గలేదు. వేయిమందిని పెట్టినను 10 నిమిషముల క్రిందికి దిగనే దిగదు. ఇందు మూటలు పంపు శ్రమను ఇంకను చేర్చలేదు. దానినిగూడ చేర్చినచో, ఒక సంఖ్యకు మించిన పిదప మనుష్యులను చేర్చినకొలది కాలము పెరుగనారంభించును. మన బాలునికి జరిగినది ఇదియే.

ఒక పంక్తి మరచినందులకు

ఆతడు మొదట 5 నోడులపై, స్నేహితుడు వ్రాసియిచ్చిన అమరికతో లెక్క నడుపుచుండెను. అది బాగుగనే సాగినది. తరువాత 10 నోడులు తీసికొని, అమరిక పత్రమును తానే క్రొత్తగా వ్రాసికొనెను. అందు రెండు లోపములు జరిగినవి.

మొదటిది, గుంపుల సంఖ్య వ్రాయుట మరచెను. వ్రాయనిచో దానిని ఒకటిగా తీసికొనుట కార్యక్రమపు అలవాటు. అందుచే 240 మందియు ఒకే గుంపై, పైన చెప్పిన 57,360 మూటలను వీధులలో త్రిప్పుచుండిరి.

రెండవది ఇంకను చిత్రమైనది. కోరున కొక పనివాడు చాలునని చెప్పు పంక్తి యొకటి అమరికలో ఉండవలెను. అది లేనిచో, కొన్ని యంత్రములలో ప్రతి పనివాడును ఇల్లంతయు తనదేయని తలచి, ఎన్ని కోరులున్నవో అంతమంది సహాయకులను పిలుచుకొనును. ఆ సహాయకులను దారములందురు. 24 కోరుల యింటిలో 24 మంది, ఒక్కొక్కరికి 24 దారములు, వెరసి 576 మంది! ఇరువదినాలుగు పీటలున్న గదిలో 576 మంది వంతులవారీగా లేచుచు కూర్చుండుచు నుండిరి. పనికంటె లేచి కూర్చుండుటకే ఎక్కువ పొద్దు పోయినది.

దారములు స్వభావముచే చెడ్డవి కావు. లెక్కచూచి వాడినచో మేలు చేయును. ఇంటికి 24 మందికి బదులు ఆరుగురు పనివారిని, ఒక్కొక్కరికి నాలుగు దారములను నియమించినను పీటలు 24 సరిపోవును. అప్పుడు పది యిండ్లలోని పనివారు 60 మందియే గనుక, అందరు ఒకే గుంపుగా నున్నను మూటలు 3,540 మాత్రమే. ఆరు నాలుగులు ఇరువదినాలుగు అను ఎక్కము తెలిసిన చాలును. తెలిసియు సరిచూడకున్న నెలకాలము నష్టము.

ఈ నష్టము ఆ బాలునిది మాత్రమే కాదు. ఇట్టి యంత్రములు ప్రజాధనముతో కొన్నవి. వాటిముందు ఎల్లప్పుడు వరుస యుండును. వీధికుళాయి వద్ద ఒకరు బిందె నిండిన పిదపను కుళాయి కట్టక నిలిచినచో వెనుకనున్నవారికి నీరు తగ్గును. అట్లే ఆతడు వృథాచేసిన గంటలు వరుసలోని మరొక విద్యార్థి గంటలు.

కొలిచి చూచుట

మరి సరియైన అమరికను తెలిసికొనుట ఎట్లు? పండితులు చెప్పు మార్గము సులభము. పెద్ద లెక్కను మొదలిడుటకు ముందు, అదే లెక్కను రెండు మూడు ఆవృత్తులు మాత్రము 1, 2, 4, 8 నోడులపై నడిపి, ఒక ఆవృత్తికి ఎన్ని సెకనులు పట్టినదో వ్రాసికొనవలెను. ఉదాహరణకు 1 నోడుపై 80 సెకనులు, 2పై 42, 4పై 24, 8పై 20 వచ్చినవనుకొందము. నోడులను సెకనులతో హెచ్చించినచో 80, 84, 96, 160. ఇది మనము చెల్లించు మూల్యము. నాలుగు నోడులనుండి ఎనిమిదింటికి పోయినచో ఆదా 4 సెకనులు. అదనపు మూల్యము 64 నోడు-సెకనులు. బుద్ధిమంతుడు నాలుగు వద్ద ఆగును. తన మిగిలిన నాలుగు నోడులపై మరొక లెక్కను నడుపుకొనును, లేదా వరుసలోనివానికి విడుచును.

నోడుల సంఖ్యను ఇట్లు తేల్చుకొన్న పిదప, ఆ సంఖ్యపైననే గుంపులను, దారములను మార్చి మరల కొలువవలెను. ఒక్కసారి ఒక్క అంశమునే మార్చవలెను. రెండింటిని ఒకేసారి మార్చినచో ఏది మేలు చేసినదో తెలియదు. ప్రతి పరీక్షలోను వచ్చిన శక్తి విలువ ఒక్కటిగనే యున్నదా యని చూడవలెను. పని పంచు తీరు మారినంత మాత్రమున జవాబు మారరాదు. కడపటి అంకెలలోని స్వల్ప భేదమునకు మించి తేడా వచ్చినచో ఎక్కడనో లోపము కలదన్నమాట. ఇందొక మెలకువ: పంపకము సమముగా నుండుటకై వాస్ప్ ఒక్కొక్కప్పుడు స్థితుల సంఖ్యను తానే కొంత పెంచుకొనును. అట్టిచోట రెండు లెక్కలను పోల్చుటకు ముందు ఆ సంఖ్యను చూచుకొనవలెను.

ప్రపంచములో మేలైన పంపకము

ఈ విద్యలో మన నగరమునకు గౌరవము తెచ్చిన సంగతి యొకటి చెప్పెదను. పెద్ద యంత్రములపై చేసిన ఉత్తమ గణనమునకు అమెరికాలోని అసోసియేషన్ ఫర్ కంప్యూటింగ్ మెషినరీ యేటేట గోర్డన్ బెల్ బహుమానము నిచ్చును. 2023లో ఆ బహుమానము ఎలక్ట్రానుల లెక్కకే వచ్చినది. మిషిగన్ విశ్వవిద్యాలయమునందలి విక్రమ్ గవిని నాయకత్వమున జరిగిన ఆ పరిశోధనలో, మన భారతీయ విజ్ఞాన సంస్థ ఆచార్యులు ఫణి మోటమర్రి, అచ్చటి గౌరబ్ పాణిగ్రాహి భాగస్వాములు. 'డి.ఎఫ్.టి.-ఎఫ్.ఇ.' అను కార్యక్రమముతో, అమెరికాలోని ఓక్ రిడ్జి ప్రయోగశాలయందలి 'ఫ్రాంటియర్' యంత్రముపై 8,000 నోడులు వాడి, 6,19,124 ఎలక్ట్రానులున్న లోహపు ముక్కను లెక్కించిరి. సెకనునకు 659.7 పెటాఫ్లాపుల వేగము సాధించిరి. 2019లో ఇదే కార్యక్రమము 'సమ్మిట్' అను యంత్రముపై 3,800 నోడులతో, 1,05,080 ఎలక్ట్రానుల లెక్కలో 46 పెటాఫ్లాపులు సాధించి యుండెను.

ఎనిమిదివేల యిండ్లకు పని నెట్లు పంచిరి? ముఖ్యోపాయము ఇది. పదార్థమును చిన్న చిన్న గళ్లుగా విభజించి, ప్రతి గడియు తన ప్రక్కగడితో మాత్రము మాటాడునట్లు లెక్కను కట్టిరి. ఊరందరికి మూటలు పంపవలసిన ఫోరియర్ మార్గమును విడిచి, పొరుగింటికి గోడమీదుగా అందించు మార్గము పట్టిరన్నమాట. మూట దారిలో నున్నంతసేపు చేతులు కట్టుకొని కూర్చుండక, వేఱు పని చేయునట్లు అమర్చిరి. సూక్ష్మమైన అంకెలు అవసరము లేనిచోట తక్కువ అంకెలతో సరిపెట్టుకొనిరి.

ఇంత చేసినను ఆ యంత్రభాగపు పూర్తిశక్తిలో వారు రాబట్టినది నూటికి 43.1 పాళ్లు. 2019లో నూటికి 27.8. ప్రపంచ బహుమానము పొందినవారికే నూటికి నలుబదిమూడు మార్కులు! ఈ విద్య యెంత కఠినమో, ఇంకను చేయవలసినది ఎంత మిగిలియున్నదో దీనివలన తెలియును. ఆ మిగిలినది చేయుటకు రేపటి పిల్లలు కావలెను.

తల్లిదండ్రులకు విన్నపము

ఇప్పుడు ఆ తండ్రిగారి ప్రశ్నకు వత్తును. ఇంతవఱకు చెప్పిన దానిలో వాడిన గణితమేమి? హెచ్చవేత, భాగహారము, కారణాంకములు, నూటికి పాళ్లు. సిద్ధాంతపు లోతులలో పెద్ద గణితము లేకపోలేదు. అది కళాశాలలో నేర్చుకొనవలసినది. కాని మన బాలుని నెలకాలమును మ్రింగిన లోపము పెద్ద గణితములోనిది కాదు. పదిమందికి పని పంచి, సరిచూచుకొనుటలోనిది. ఆ అలవాటు చిన్ననాట పడవలెను. అర్థమైన భాషలో పడినచో నిలుచును. కంఠస్థము చేసిన సూత్రము యంత్రముముందు కూర్చున్నపుడు తోడురాదు. తాను స్వయముగా విభజించి చూచిన లెక్క తోడువచ్చును.

కన్నడము మన రాష్ట్రభాష. ఇంగ్లీషు నేడు శాస్త్రగ్రంథముల భాష. రెండును మన పిల్లలు చక్కగా నేర్వవలసినదే. మన పాఠశాల ఆ రెండింటిని చిన్నచూపు చూడలేదు. తెలుగులో మొదలిడినవాడు అక్కడనే ఆగిపోవునను భయము మాత్రము వలదని మనవి. ఆ బాలుడు సెలవు తీసికొనునపుడు తన క్రొత్త అమరికను నాకు కాగితముపై వ్రాసి చూపెను. గుంపులు పది, గుంపున కొక నోడు, కోరున కొక పనివాడు. ప్రక్కన హెచ్చవేత తెలుగు మాటలలో వ్రాసియుండెను. నేను చూచుచుండుట గమనించి, "తొందరలో ఉన్నప్పుడు ఇలాగే వస్తుంది మాస్టారూ" అని నవ్వెను. మరుసటి నెలలో ఆతని లెక్క పూర్తియైనదని కబురు వచ్చినది.

ఈ సంచిక అచ్చై వచ్చిన వెంటనే ఒక ప్రతిని ఆ తండ్రిగారి యింటికి నేనే తీసికొనిపోయెదను. వారి కుమారుడు ఏ పాఠశాలలో చదివినను నాకు సంతోషమే; నేను బాకీపడిన జవాబు వారికి చేరవలెను.

మీరును ఈ రాత్రి భోజనమైన పిదప పిల్లలను కూర్చుండబెట్టుకొని ఒక లెక్క అడుగుడు. 18 కట్టల పత్రములున్నవి. ఒక్కొక్క కట్టకు ఒక గంట పట్టును. కట్టను విప్పి పంచరాదు. నలుగురు దిద్దినచో ఎన్ని గంటలు? ఆరుగురైన? ఏడుగురైన? ఎనమండుగురైన? తొమ్మండుగురైన? ఎవరిని చేర్చినపుడు కాలము తగ్గలేదు, ఏల? జవాబును కారణముతో సహా పిల్లలచేత వ్రాయించి, సోమవారమునాడు పాఠశాలకు పంపుడు.